ఈతకు మించిన లోతు
(కెనడా సరస్సులలో ఈతపోటీ నిర్వహణ వెనుక ఉన్న విజ్ఞానం)

“గోచికి మించిన దారిద్ర్యం లేదు, ఈతకు మించిన లోతు లేదు” అని తెలుగునాట ఒక సామెత ఉన్నది. ఈత వచ్చినవాడికి పది అడుగుల నీరైనా వంద అడుగుల నీరైనా ఒక్కటే అన్నది దాని భావం. రాజమండ్రి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పారే గోదావరిని చూస్తూ పెరిగినవారికీ, వేసవి సెలవులలో నడుముకు బెండు కట్టుకొని ఊరి దిగుడుబావిలో ఈత నేర్చినవారికీ ఈ మాటలో సందేహం కలగదు. కాని సామెత పుట్టిన నేల ఉష్ణమండలానికి చెందినది. అక్కడి నీరు ఎంత లోతైనా మనిషిని ముంచగలదే గాని గడ్డకట్టించలేదు. కెనడాలో ఒక సరస్సు ఒడ్డున నిలబడి ఇదే సామెతను చెప్పుకొనేవారు ఒక్క క్షణం ఆగవలసి ఉంటుంది. ఇక్కడ లోతు అంటే చలికి గిడ్డంగి. ఆ గిడ్డంగి తలుపు ఎప్పుడు తెరుచుకొంటుందో తెలియకుండా ఈతపోటీ తలపెట్టడం ప్రమాదకరం.

కెనడాలోని తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో ఈత శిక్షణకు వెళ్తున్నారు. వేసవిలో తెలుగు సంఘాల వనభోజనాలు తరచుగా సరస్సుల ఒడ్డునే జరుగుతాయి. పరుగుపందెం, కబడ్డీ, తాడులాగుడు జరిగేచోట “సరస్సులో ఒక కిలోమీటరు ఈతపోటీ కూడా పెడితే ఎలా ఉంటుంది?” అన్న ఆలోచన రావడం సహజమే. మంచి ఆలోచనే. అయితే పరుగుపందేనికి నేలమీద సున్నంతో గీత గీస్తే చాలు. సరస్సులో పోటీకి భౌతికశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం కొద్దికొద్దిగా తెలిసి ఉండాలి. అందుకు చరిత్రలోని ఒక ఉదంతంతో మొదలుపెట్టడం మేలు.

జనవరిలో గెలిచి ఆగస్టులో ఓడిన కుర్రవాడు

1927 జనవరిలో చూయింగ్ గమ్ వ్యాపారి విలియం రిగ్లీ కాలిఫోర్నియాలో ఒక ఈతపోటీ ఏర్పాటు చేశాడు. కాటలీనా ద్వీపం నుంచి ప్రధాన తీరానికి, సుమారు 22 మైళ్ళు. బహుమతి 25,000 డాలర్లు. నీటిలో దిగినవారు 102 మంది. అవతలి ఒడ్డు చేరినవాడు ఒకే ఒక్కడు: టొరంటో నగరానికి చెందిన పదిహేడేళ్ళ జార్జ్ యంగ్. పదిహేను గంటలకు పైగా ఈది గెలిచిన ఆ కుర్రవాడికి టొరంటో ప్రజలు బ్రహ్మరథం పట్టారు.

ఆ ఉత్సాహం చల్లారకముందే, అదే సంవత్సరం ఆగస్టు 31న, టొరంటోలో కెనడియన్ నేషనల్ ఎగ్జిబిషన్ సందర్భంగా ఒంటేరియో సరస్సులో రిగ్లీ బహుమతితోనే 21 మైళ్ళ కొత్త పోటీ జరిగింది. నూటికి పైగా ఈతగాళ్ళు దిగారు. గెలిచినది జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ఫీర్‌కోటర్. అతనికి దాదాపు పన్నెండు గంటలు పట్టింది. పోటీ పూర్తిచేసినవారిని ఒక చేతి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవారందరినీ చలి పడవలలోకి ఎక్కించింది. వారిలో సొంత ఊరి వీరుడు జార్జ్ యంగ్ కూడా ఉన్నాడు. కొన్ని మైళ్ళకే అతడు విరమించాడు.

జనవరి నెలలో సముద్రాన్ని దాటినవాడు ఆగస్టు నెలలో సొంత ఊరి సరస్సులో చలికి ఆగిపోవడం వింతగా తోస్తుంది. కాలిఫోర్నియా దక్షిణ తీరంలో జనవరి సముద్రజలం 13 నుంచి 15 సెంటిగ్రేడు డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. ఆగస్టులో ఒంటేరియో సరస్సు పైనీరు సాధారణంగా 20 డిగ్రీలు దాటుతుంది. లెక్క ప్రకారం సరస్సే సుఖంగా ఉండాలి. “సాధారణంగా” అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉన్నది.

రెండు అంతస్తుల నీరు

చాలా ద్రవాలు చల్లబడినకొద్దీ బరువెక్కుతాయి. నీరు కూడా అంతే గాని, 4 డిగ్రీల వరకే. ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటి సాంద్రత గరిష్ఠం. అంతకన్న చల్లబడితే మళ్ళీ తేలిక అవుతుంది. అందువల్లనే మంచు పైన తేలుతుంది, చేపలు అడుగున బతుకుతాయి. వేసవిలో ఎండకు వేడెక్కిన తేలికనీరు పైన పదిపదిహేను మీటర్ల మందాన ఒక పొరగా నిలుస్తుంది. దాని కింద 4, 5 డిగ్రీల బరువునీరు ఉంటుంది. ఈ రెంటికీ నడుమ కొద్ది మీటర్లలోనే ఉష్ణోగ్రత చటుక్కున పడిపోయే సన్నని పొర ఒకటి ఉన్నది. దీనిని ఉష్ణప్రవణస్తరం అనవచ్చు. సరస్సు ఒక మేడ అనుకొంటే పై అంతస్తు వేసవి, కింది అంతస్తు చలికాలం.

ఒంటేరియో సరస్సు సగటు లోతు 86 మీటర్లు, గరిష్ఠ లోతు 244 మీటర్లు. నాలుగు చార్మినార్లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినా అందులో మునిగిపోతాయి. అంటే ఆ మేడలో వేసవి అంతస్తు ఒక పలుచని పైకప్పు మాత్రమే. తక్కినదంతా ఏడాది పొడవునా చలికాలమే.

ఇప్పుడు గాలి సంగతి. సరస్సు మీద పడమటి గాలి ఒకటి రెండు రోజులు బలంగా వీస్తే పైనీరు గాలితోపాటు తిన్నగా తూర్పుకు పోదు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడివైపుకు ఒరుగుతుంది. తూర్పుకు ముఖం పెట్టి నిలబడినవారికి కుడివైపు దక్షిణం. కాబట్టి వెచ్చని పైనీరు ఉత్తరపు ఒడ్డును, అనగా టొరంటో ఉన్న ఒడ్డును, విడిచి దక్షిణంగా జరుగుతుంది. ఖాళీ అయిన ఆ చోటులోకి అడుగునుంచి చన్నీరు ఉబికివస్తుంది. దీనిని అడుగునీటి ఉత్థానం అనవచ్చు. పెరూ తీరంలో చేపల సమృద్ధికి కారణమైనది కూడా ఇటువంటి ఉత్థానమే. టొరంటో తీరంలో మాత్రం అది చేసే పని వేరు: నిన్న సాయంత్రం 20 డిగ్రీలున్న నీరు ఇవాళ ఉదయానికి 10 డిగ్రీలకు, కొన్నిసార్లు అంతకన్న తక్కువకు దిగిపోతుంది. పైన ఎండ కాస్తూనే ఉంటుంది. ఒడ్డున చొక్కా లేకుండా కూర్చున్నవారికి ఏమీ తెలియదు.

క్యూబెక్‌లోని సేంట్-జాన్ సరస్సు కథ ఇందుకు భిన్నమైనది. 1955లో రోబెర్వాల్, పెరిబొంకా ఊళ్ళ మధ్య ఆ సరస్సును ఈదే కొత్త పోటీ మొదలైనది. తొలి సంవత్సరం అవతలి ఒడ్డు చేరినవాడు ఝాక్ అమియో ఒక్కడే, పదకొండున్నర గంటలలో. మొదటిసారి ఒక్కడే మిగిలిన ఆ పోటీ ఆగిపోలేదు. 32 కిలోమీటర్ల అంతర్జాతీయ ఈతగా ప్రపంచమంతటా పేరు పొందింది. దాని దీర్ఘాయువుకు ఊరివారి పట్టుదల ఒక కారణం. మరొక కారణం సరస్సు స్వభావమే కావచ్చు. దాని సగటు లోతు 11 మీటర్ల ప్రాంతం. అనగా అందులో చలికి గిడ్డంగి చిన్నది. చలి అక్కడా ఉంటుంది, అలలు అక్కడా లేస్తాయి, కాని ఒంటేరియో సరస్సులో వలె రాత్రికి రాత్రి కింది అంతస్తు పైకి వచ్చే భయం తక్కువ. కొత్త పోటీకి స్థలం ఎంచుకొనేవారు ఒడ్డున వాహనాలు నిలిపే చోటు, వంటకు నీడ చూసుకొనే ముందు సరస్సు లోతుల పటాన్ని ఒకసారి చూడటం అవసరం.

మూడు ఇడ్లీల లెక్క

నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగంగా ఉష్ణాన్ని వహిస్తుంది. అందుకే 20 డిగ్రీల గాలి హాయిగా ఉంటుంది గాని 20 డిగ్రీల నీరు వణికిస్తుంది. ఈతకొలనులకూ సరస్సులకూ తేడా ఇక్కడే. అంతర్జాతీయ పోటీల కొలనుల నీరు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచుతారు.

శరీరం ఎంత వేడిని పోగొట్టుకొంటే ప్రమాదమో ఇంటిలో పిల్లలు సైతం లెక్క కట్టవచ్చు. మానవ శరీరపు విశిష్టోష్ణం కిలోగ్రాముకు, డిగ్రీకి సుమారు 0.83 కిలోకేలరీలు. 70 కిలోల మనిషి ఒంటి వేడి ఒక డిగ్రీ తగ్గడానికి పోవలసినది 58 కిలోకేలరీలు. సహజమైన 37 డిగ్రీల నుంచి 35కు దిగితే వైద్యులు దానిని అల్పోష్ణత అంటారు. ఆ రెండు డిగ్రీలకు మొత్తం 116 కిలోకేలరీలు: మూడు చిన్న ఇడ్లీలలో ఉండేపాటి శక్తి! ఈతగాడు పుట్టించే వేడికన్న నీరు లాక్కొనే వేడి అంతమాత్రం ఎక్కువైతే చాలు, మనిషి తడబడతాడు, మాట ముద్దవుతుంది, తాను ఎక్కడ ఉన్నాడో మరచిపోతాడు. 40 కిలోల పిల్లవాడికైతే ఆ లెక్క 66 కిలోకేలరీలే. పైగా చిన్నవారికి బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ, కొవ్వు పొర తక్కువ. కొలనులో పతకాలు తెచ్చే సన్నని పిల్లలే సరస్సులో అందరికన్న ముందు చల్లబడే అవకాశం ఉన్నది. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందుగా చెప్పడం నిర్వాహకుల బాధ్యత. కొలను వేగాన్ని చూసి సరస్సు అర్హతను నిర్ణయించడం పొరపాటు.

మరొక చిక్కు కూడా గమనించదగినది. నెమ్మదిగా ఈదేవాడు తక్కువ వేడి పుట్టిస్తాడు, ఎక్కువసేపు నీటిలో ఉంటాడు. అందుచేత పోటీకి గడువు సమయం పెట్టడం నెమ్మదిగా ఈదేవారిని అవమానించడం కాదు. వారికి అదే రక్ష.

చన్నీటిలో మునిగినప్పుడు జరిగేదానిని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ “1-10-1” అన్న మూడు అంకెలలో ఇమిడ్చి చెప్పారు. మంచువంటి నీటిలో పడినవాడికి ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులు కాళ్ళు పనిచేసే వ్యవధి పది నిమిషాలు, స్పృహ తప్పేలోగా ఒక గంట. చలి ముందుగా చంపేది అల్పోష్ణత వల్ల కాదన్నది ఇందులోని ముఖ్యవిషయం. ముప్పు మొదటి నిమిషంలోనే ఉన్నది. చన్నీరు తగలగానే మనిషి అసంకల్పితంగా పెద్దగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే పీల్చేది నీటినే.

గుండె విషయం ఇంకా సూక్ష్మం. చర్మానికి చలి తగిలితే గుండె వేగం పెరుగుతుంది. ముఖం నీటిలో మునిగి ఊపిరి బిగబడితే గుండె వేగం తగ్గుతుంది. ఈ రెండు ఆజ్ఞలూ ఒకేసారి వస్తే గుండె లయ తప్పవచ్చునని బ్రిటిష్ పరిశోధకులు శాటక్, టిప్టన్ 2012లో వివరించారు. అమెరికాలో ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన ట్రయథ్లాన్ పోటీలపై జరిగిన ఒక పరిశీలనలో, 2006 జనవరి నుంచి 2008 సెప్టెంబరు వరకు మరణించిన 14 మందిలో 13 మంది ఈత దశలోనే మరణించారు. సైకిలు మీద వేగంగా పోవడం చూసేవారికి ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. లెక్క వేరేలా ఉన్నది. అందరినీ ఒక్కసారిగా నీటిలోకి తోయక, పదిమంది చొప్పున రెండేసి నిమిషాల తేడాతో పంపడం, ముందుగా ఒడ్డున నడుము లోతు నీటిలో నిలబడి ముఖం తడుపుకొనే వ్యవధి ఇవ్వడం ఈ కారణాలవల్లనే.

ఉష్ణమండలపు సముద్రం మరో పరీక్ష పెడుతుంది. 2021 మార్చిలో హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల శ్రీలంక నుంచి పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలలో దాటారు. అక్కడి ఇబ్బందులు ప్రవాహాలు, అలలు, ఉప్పునీరు. చలి ముఖ్యశత్రువు కాదు. వేడి కూడా చంపగలదు. 2010 అక్టోబరు 23న అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో వెచ్చని సముద్రంలో జరిగిన 10 కిలోమీటర్ల ప్రపంచకప్ పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించాడు. అతడు ఒడ్డు చేరలేదని మొదట గమనించినది తోటి ఈతగాళ్ళు. ఇరవై ఆరేళ్ళవాడు, ప్రపంచ స్థాయివాడు.

లెక్క సరిపోవాలి

ఆ మరణం నేర్పిన పాఠాలలో ఒకటి ఉష్ణోగ్రతకు హద్దులు. అంతర్జాతీయ ఈత సమాఖ్య 2017లో అమలు చేసిన నియమాల ప్రకారం నీరు 16 డిగ్రీలకు తక్కువ, 31 డిగ్రీలకు ఎక్కువ ఉండరాదు; 18కి లోపు వెట్‌సూట్ తప్పనిసరి, 18 నుంచి 20 లోపు ఐచ్ఛికం. పోటీకి రెండు గంటల ముందు, ఈత దారి నడుమ, 40 సెంటీమీటర్ల లోతున కొలవాలి. ఇవి ఆరితేరినవారికి పెట్టిన హద్దులు. ఇంటిల్లిపాదీ పాల్గొనే వేసవి పోటీకి నిర్వాహకులు ఇంతకన్న వెచ్చని హద్దునే పెట్టుకోవాలి. ఒక్క ఉదయపు కొలతతో కెనడాలో పని జరగదు. వారం ముందునుంచి ఒక తాడుకు అరమీటరు, రెండు, ఐదు, పది మీటర్ల దగ్గర ఉష్ణమాపకాలు కట్టి రోజూ చూడాలి. ఐదు మీటర్ల దగ్గర అంకె పడిపోతుంటే చలి పైకి ఎక్కుతున్నదని అర్థం. గాలి దిశను కూడా పక్కనే రాసుకోవాలి. కొన్ని డాలర్ల తాడు చెప్పే ఈ సమాచారం 1927 నాటి వేల డాలర్ల బహుమతికంటె విలువైనది.

రెండవ పాఠం మనుషుల లెక్క. నీటిలో దిగినవారి సంఖ్య, బయటికి వచ్చినవారి సంఖ్య సమానం కావాలి. చీలమండకు కట్టే ఎలక్ట్రానిక్ పట్టీ సమయాన్ని చక్కగా చెబుతుంది. అయినా కాగితం మీద పేర్లు కొట్టివేసే మనిషి ఒకరు ఒడ్డున కూర్చొని తీరాలి. నిర్వాహకులకు పెద్ద తలనొప్పి తెచ్చేవాడు అలసిపోయి, దారిలో మరోచోట ఒడ్డుకెక్కి, ఎవరికీ చెప్పకుండా వండిన పులిహోర వైపు వెళ్ళిపోయేవాడు. అతడి కోసం పడవలు గంటసేపు నీటిని గాలిస్తాయి. ఆ గంటలో నిజంగా ఆపదలో ఉన్నవాడికి పడవ ఉండదు.

దారి వేయడంలోనూ కొంత క్షేత్రగణితం ఉన్నది. నీటికి పది సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కంటికి దిగంతం కేవలం 1.1 కిలోమీటర్ల దూరం. చిన్న అల లేస్తే వంద మీటర్ల దూరాన ఉన్న బోయా కూడా మాయమవుతుంది. అందుచేత మనిషి ఎత్తు బోయాలు, దగ్గరదగ్గరగా, ఒడ్డుకు సమాంతరంగా, తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే చుట్టుగా పెట్టడం మంచిది. ఉదయం గాలి తక్కువ, కాని సూర్యుడు తూర్పున కిందుగా ఉంటాడు. ఆఖరి మలుపు సూర్యుడికి ఎదురుగా పెడితే అందరూ దారి తప్పుతారు. టోపీలు నారింజ లేదా పసుపుపచ్చ రంగువి కావాలి. నీలం నీటిలో కలిసిపోతుంది, తెలుపు నురగలో కలిసిపోతుంది.

పడవలు తిరిగే జలాలలో పోటీకీ బోయాలకూ సమాఖ్య రవాణాశాఖ నిబంధనలు, పార్కుకు పురపాలక అనుమతి, బీమా ఎలాగూ తప్పవు. ఉరుము వినిపిస్తే అందరినీ బయటికి రప్పించి, ఆఖరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగాలి. నీటి పరిశుభ్రతకు ఇ. కోలై అనే సూక్ష్మజీవి కొలమానం. టొరంటో నగరం తన తీరాలకు 100 మిల్లీలీటర్లలో 100 అన్న హద్దు పెట్టుకొన్నది. భారీ వర్షం కురిస్తే పాత నగరాలలో మురుగునీరు, వాననీరు ఒకే గొట్టంలో పొంగి సరస్సులో కలుస్తాయి. ఆ తరువాత రెండు రోజుల పాటు నీటిలో దిగకపోవడం మంచిది. నీరు చూడటానికి తేటగా ఉన్నదన్న మాట ఇక్కడ చెల్లదు.

కెనడాలో పుట్టినవారితో పోలిస్తే కొత్తగా వలసవచ్చినవారిలో ఈత రానివారు నాలుగు రెట్లు ఎక్కువని లైఫ్‌సేవింగ్ సొసైటీ జరిపించిన అధ్యయనంలో తేలింది. అంటే పిల్లవాడు పోటీలో ఉంటే, ఒడ్డున ఉన్న తండ్రికి ఈత రాకపోవడం చాలా ఇళ్ళలో నిజం. పిల్లవాడు ఇబ్బంది పడుతున్నాడని తండ్రి నీటిలోకి దూకడం వల్ల ఒక ఆపద రెండవుతుంది. రక్షణ పని శిక్షణ పొందినవారిదేనని, బంధువులు గీత దాటరాదని పోటీకి ముందే మైకులో తెలుగులో, ఇంగ్లీషులో చెప్పాలి.

తోడుపడవ ఎంత పని చేయగలదో 1954 నాటి ఉదంతం చూపుతుంది. ఆ సెప్టెంబరు 8 రాత్రి, అమెరికా వైపు యంగ్స్‌టౌన్ నుంచి పదహారేళ్ళ మెరిలిన్ బెల్ ఒంటేరియో సరస్సులో దిగింది. ఎగ్జిబిషన్ వారు 10,000 డాలర్లకు పిలిచినది ఆమెను కాదు, ప్రఖ్యాత అమెరికన్ ఫ్లారెన్స్ చాడ్విక్‌ను. చాడ్విక్ కొన్ని గంటలకు అస్వస్థతతో విరమించింది, బెల్ ఆగలేదు. పడవలో గురువు గస్ రైడర్ నల్లబల్ల మీద సుద్దతో మాటలు రాసి ఆమెకు చూపుతూ వచ్చాడు. చలికీ నిద్రకూ మొద్దుబారుతున్న మెదడును మేలుకొలిపి ఉంచడం, జవాబు చెప్పగలదో లేదో గమనించడం: ఆ నల్లబల్ల రెండు పనులూ చేసింది. దాదాపు 21 గంటల తరువాత, 9వ తేదీ రాత్రి ఎనిమిది దాటాక ఆమె టొరంటో చేరింది. ఆ సరస్సును ఈది దాటిన మొదటి వ్యక్తి ఆమె. అందరి కథా అలా ముగియలేదు. 1974లో అదే ప్రయత్నంలో ఒక ఈతగాడు మరణించాడు. మరుసటి సంవత్సరమే సోలో స్విమ్స్ ఆఫ్ ఒంటేరియో అనే సంస్థ ఏర్పడి, అటువంటి ఈతలకు నియమాలు రాసి, ఈతను ఆపే అధికారం గల పర్యవేక్షకులను పంపసాగింది. ఆ అధికారం బహుమతి ఇచ్చేవారి చేతిలో గాని, ఈతగాడి తండ్రి చేతిలో గాని ఉండకపోవడం ఆ ఏర్పాటులోని వివేకం.

చివరి ఈతగాడు ఒడ్డెక్కినంత మాత్రాన పోటీ ముగియదు. బయటికి వచ్చాక కూడా ఒంటి లోపలి వేడి మరో పది ఇరవై నిమిషాలు తగ్గుతూనే ఉంటుంది. చల్లబడిన చేతులు కాళ్ళలోని రక్తం గుండె వైపు తిరిగి చేరడం అందుకు ఒక కారణం. నవ్వుతూ పతకం అందుకొన్నవాడు ఆ తరువాత వణుకుతూ కూలబడవచ్చు. అతడిని గాలి తగలనిచోట కూర్చోబెట్టి, తడిబట్టలు తీసి, పొడి దుప్పటి కప్పి, స్పృహ చక్కగా ఉంటే తియ్యని వెచ్చని టీ ఇవ్వాలి. కాళ్ళు చేతులు రుద్దరాదు, వేడినీటి స్నానం వెంటనే చేయించరాదు. కనీసం అరగంట వరకు ఏ ఈతగాడినీ కారు నడపనివ్వరాదు. ఆ అరగంట గడిచి, కాగితం మీద చివరి పేరు కూడా కొట్టివేసిన తరువాతనే పడవలను వెనక్కి పిలిచి, బోయాలను తాళ్ళతో సహా ఒడ్డుకు లాగవలసి ఉంటుంది.